నూకాలు నేర్చుకున్న అడ్డపొగ

తునికిమెట్ట అనే అడవిలో దుప్పులూ, ఎలుగులూ, ముళ్ళపందులూ, లెక్కలేనన్ని పిట్టలూ ఉండేవి. కొండముచ్చు మాత్రం ఒక్కటే ఉండేది. దాని పేరు నూకాలు.

చలికాలంలో వేటకుక్కలు తరిమినప్పుడు దాని మందంతా ఒకవైపు పరిగెత్తింది, నూకాలు ఇంకోవైపు పరిగెత్తింది. ఆ తర్వాత ఎంత వెతికినా మంద కనపడలేదు. అప్పటికే అది కడుపుతో ఉంది.

కొండముచ్చులకు పక్కన కూర్చుని పేలు చూసే తోడు లేకపోతే పొద్దు గడవదు. నూకాలు తన చేతులు తనే చూసుకునేది, కాళ్ళు చూసుకునేది. వీపు మాత్రం అందేది కాదు.

అన్నిటికన్నా దానికి కాన్పంటే భయం. మందలో అయితే ముసలి కొండముచ్చులు చుట్టూ కూర్చుంటాయి. ఇక్కడెవరు కూర్చుంటారు?

ఎండాకాలం రాగానే తునికాకు కోసే ఆడవాళ్ళు అడవికి వచ్చారు. వాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, రెండు చేతులా ఆకు కోసుకోవచ్చు. నోరు కాలదా అని నూకాలు కొమ్మ మీంచి వింతగా చూసేది.

ఒకరోజు వాళ్ళలో ఒకామె, పొగ తాగితే బిడ్డ చిన్నగా పుడుతుందనీ, కాన్పు సులువవుతుందనీ చెప్పింది. మిగతావాళ్ళు అవునవునన్నారు.

ఆ మాట నూకాలు మనసులో పడింది. వాళ్ళు వెళ్ళాక బండ మీద ఇంకా ఆరని చుట్టముక్క తీసుకుని, వాళ్ళలాగే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది. మొదట నాలుక కాలింది, దగ్గొచ్చింది. నాలుగు రోజులకు అలవాటైపోయింది. ఆకలి కూడా వేసేది కాదు. పొగ ఉన్నంతసేపూ పక్కన ఎవరో ఉన్నట్టుండేది.

అది కూర్చునే చెట్టు తొర్రలో పైడమ్మ అనే కొమ్ముముక్కు పిట్ట గుడ్లు పొదుగుతోంది. ఆ పిట్టల పద్ధతి తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. తల్లి తొర్రలోకి దూరి, మట్టితోనూ రెట్టతోనూ వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. మగపిట్ట ఆ సందులోంచే పండ్లు అందిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆ సందులోంచి పొగ వెళ్ళి పైడమ్మకు దగ్గొచ్చింది. ఎవరక్కడ అని అడిగింది. నూకాలు మాట్లాడి ఎన్నో నెలలైంది కదా, తన సంగతంతా ఆగకుండా చెప్పేసింది. మంద తప్పిపోవడం, కాన్పంటే భయం, చుట్ట, అన్నీ.

"చెల్లీ, నేనూ చాలా రోజులుగా ఆకాశం చూడలేదు," అంది పైడమ్మ. "ఒంటరితనం నాకూ తెలుసు. కానీ ఆ చుట్ట పారెయ్. నువ్వు పీల్చిందే నీ బిడ్డకూ పోతుంది. వద్దనడానికి దానికి నోరు లేదు."

"నీకేం అక్కా, పండు తెచ్చి నోట్లో పెట్టే మొగుడున్నాడు. నాకు నొప్పులొస్తే వీపు నిమిరే దిక్కు లేదు. చిన్న బిడ్డయితే నా అంతట నేనే కనేస్తాను."

"చిన్నగా పుట్టడమంటే, ఎదగాల్సినంత ఎదక్కుండా పుట్టడమేనమ్మా. ఊపిరి చాలదు, బలం చాలదు. నొప్పులొస్తే నన్ను పిలువు. బయటికి రాలేను గానీ, ఎంతసేపైనా నీతో మాట్లాడుతూ ఉంటాను."

గోడ వెనక కూర్చుని మంత్రసానితనం చేస్తావా అని నూకాలు నవ్వింది. కానీ ఆ మాటలు గుచ్చుకున్నాయి. వినబడకుండా ఉండాలని దూరంగా ఇంకో చెట్టు మీదికి మారిపోయింది. అక్కడ మాట్లాడేవాళ్ళే లేరు. చుట్టముక్కలు ఇంకా ఎక్కువ తాగింది.

నెలలు నిండకముందే కాన్పయింది. నిజంగానే సులువుగా అయింది. పిడికెడు బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఊపిరి తీస్తే సన్నగా ఈల వేసినట్టుండేది.

కొండముచ్చు పిల్ల పుట్టగానే తల్లి పొట్టను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తల్లి రెండు చేతులూ వదిలి దూకగలదు. ఈ బిడ్డ వేళ్ళు బొచ్చు మీద పడి, మళ్ళీ విడిపోయాయి. నూకాలు ఆ వేళ్ళను ఒక్కొక్కటే మూసింది. ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ రోజు నుంచి అది చుట్ట ముట్టలేదు.

తొలకరి వానలకు వాగు నిండింది. పైడమ్మ వాకిలి పగలగొట్టుకుని బయటికి వచ్చింది. దాని రెండు పిల్లలూ ఎగరడం నేర్చుకున్నాయి.

అప్పుడే ఒక పొద్దున వాగు అవతలి చెట్ల మీద మంద కనబడింది. నూకాలు మందే! ఇవతలి ఒడ్డు మిట్ట, అవతలిది పల్లం. ఇటు నుంచి అటు దూకొచ్చు గానీ, అటు నుంచి ఇటు అవి రాలేవు.

"దూకవే నూకాలూ," అంది ఒక ముసలి కొండముచ్చు. "నీకోసం ఎన్ని కొండలు తిరిగామో తెలుసా?"

నూకాలు కొమ్మ చివరికి పరిగెత్తింది. దూకాలంటే రెండు చేతులూ కావాలి. బిడ్డను పట్టుకున్న చెయ్యి కాస్త వదిలి చూసింది. బిడ్డ జారింది. గబుక్కున పొదువుకుంది. మళ్ళీ వదిలి చూడడానికి ధైర్యం చాలలేదు.

మంద సాయంత్రం దాకా పిలిచింది. తర్వాత మేత కోసం ఒక్కొక్కటే కొండ దిగిపోయాయి.

నూకాలు బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, "నీకు పట్టు వచ్చేదాకా ఇక్కడే ఉందాంలే," అంది.

నీతి: కడుపుతో ఉన్న తల్లి తాగే పొగ బిడ్డ ఎదుగుదలనూ, ఊపిరినీ, బలాన్నీ తగ్గిస్తుంది. భయం వేసినప్పుడు చుట్టను కాదు, తోడుంటానన్న వాళ్ళను పిలవాలి.