అత్తగారి మూర

"మూరెడు మల్లెలు నా కొప్పు చుట్టూ ఒక్క చుట్టయినా తిరగడంలేదు. నా కొప్పు లావైందా, మూర పొట్టిదైందా? ఇప్పుడే తేల్చండి!" అని రాణిగారు మూతి ముడుచుకున్నారు.

రత్నగిరి రాజు వీరభూపతికి ఆ పూట ఇంకే రాజకార్యమూ తోచలేదు. పూలమ్మే నాంచారమ్మనీ, ఆమె అత్తనీ బుట్టతో సహా కొలువుకి పిలిపించాడు.

సుంకాధికారి భైరవయ్య ముందుకొచ్చాడు. నెల కిందట సంత సుంకం పెంచింది ఆయనే. పైగా, "మూర కాసుకే అమ్మాలి, ధర పెంచితే అంగడి ఎత్తించేస్తా" అని దండోరా వేయించాడు. ఖజానా నిండింది, ధరలు పెరగలేదు అంటూ అప్పట్నుంచీ మీసం మెలేస్తూనే ఉన్నాడు.

"మహాప్రభూ, ఇది మోసగత్తె! ఇన్నాళ్లూ తన పొడుగు చేత్తో కొలిచేది. సుంకం పెరిగాక ఈ పొట్టి అత్తని తెచ్చి కూర్చోబెట్టింది. దీన్ని సంతలో అడుగుపెట్టనివ్వకూడదు."

నాంచారమ్మ కళ్లనీళ్లు కుక్కుకుంది.

"ధర పెంచొద్దన్నారు, పెంచలేదు దొరా. మా అత్త మూర కూడా మూరే కదా! అంగడి పోతే ఇంటిల్లిపాదీ పస్తే."

ఆ మాటకి విదూషకుడు సింగనకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. భైరవయ్య మీసం చూస్తే మాత్రం ఒళ్లు మండింది. లేచి దణ్ణం పెట్టాడు.

"ప్రభూ, ఓ మూర నాంచారమ్మ చేత్తోనే కొలిపించండి."

ఆమె కొలిచి తెంపింది.

"భైరవయ్యగారూ, పెరిగిన సుంకం పూలలో అయితే మూరకి ఎంతవుతుంది?"

"బెత్తెడు!" అన్నాడాయన దర్జాగా.

"మరి రాజుగారి సొమ్ము వదలకూడదు కదా. తమ చేత్తోనే తీసుకోండి."

భైరవయ్య ఉబ్బిపోయి, దండ మీద నాలుగు వేళ్లూ ఆనించి ఆ మేరకు తెంపుకున్నాడు. మిగిలిన దండని సింగన అత్తగారి మోచేతి నుంచి వేలి కొస దాకా పరిచాడు. ఒక్క మొగ్గ ఎక్కువ లేదు, ఒక్క మొగ్గ తక్కువ లేదు.

కొలువంతా మెడలు సాచి చూసింది.

"అత్తగారి చెయ్యి పొట్టిదని ఎవరన్నారు ప్రభూ? మన సుంకం చెయ్యే పొడుగు!" అన్నాడు సింగన.

రాజు పగలబడి నవ్వాడు. భైరవయ్య గుప్పెట్లో పూలని గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు. పెంచిన సుంకం అక్కడికక్కడే రద్దయింది. రాజు తన ముత్యాలహారం తీసి సింగన మెడలో వేశాడు.

అత్తగారు మోచెయ్యి రుద్దుకుంటూ లేచింది.

"అమ్మయ్య! ఇంక నీ పూలు నువ్వే కొలుచుకోవే కోడలా. నెల్లాళ్లుగా చెయ్యి పీకేస్తోంది!"