శరభయ్య తోమిన మడుగు

మడుగులో చేపలు మాయమయ్యాయి. శరభయ్యకు కంటి మీద కునుకు లేదు.

నల్లమల కొండల్లో, ఎండాకాలంలో కూడా బొంత కప్పుకుని తిరిగే బొంతస్వామి ఆశ్రమం కింద, వాగులో ఉందా మడుగు. గట్టున లావుపాటి మద్దిచెట్లు. మడుగులో చేపలు తిరిగినంతకాలం ఆ చెట్ల జోలికి రానని పాళెగాడి తండ్రి స్వామికి మాటిచ్చి పోయాడు. ఇప్పుడు నాయకుడైన కొడుకు మాట తప్పే మనిషి కాదు గానీ, మాటలో సందు ఎక్కడుందా అని వెతికే మనిషి. కొత్త కోటకు తలుపులు కావాలి మరి. కోతలయ్యాక బొరుగుల బుట్టతో వస్తానని కబురు పంపాడు. చేపలొచ్చి బొరుగులు తింటే సరేసరి. లేకుంటే గొడ్డళ్ళు దిగుతాయి.

ఆ కబురు విన్న రోజే స్వామి శిష్యుడు శరభయ్య నడుం బిగించాడు. మడుగు చూసి నాయకుడు ముక్కున వేలేసుకోవాలని అతని ఆశ. నీళ్ళలో కూలిపడిన మానుకు మోకు కట్టి గట్టుకు లాగాడు. నీళ్ళ మీదికి వంగిన కొమ్మలు నరికాడు. అడుగున నానుతున్న ఆకులు ఎత్తి పారబోశాడు. అంతటితో ఊరుకోక, రాళ్ళకు పట్టిన పాచిని కూడా పీచు పెట్టి తోమాడు. పెళ్ళింటి గిన్నెలు కూడా అంత తళతళలాడవు.

ఉన్న చేపలన్నీ పోయాయి. శరభయ్య ఉక్రోషం స్వామి మీదికి తిరిగింది.

"ఒళ్ళు హూనం చేసుకుని కడిగితిని సామీ. ఉన్న చేపలు గూడా పాయె. మీ తపస్సు ఏమయింది?"

స్వామి వేపపుల్ల నములుతున్నాడు.

"నేను చేసింది తప్పయితే తప్పని చెప్పండి. చెప్పకుంటే నేను ఒప్పుకునేది లేదు."

"కట్టెలకు పోయి రా," అన్నాడు స్వామి.

మధ్యాహ్నం కట్టెలమోపుతో తిరిగొచ్చేసరికి శరభయ్య గుడిసెకు కప్పు లేదు. గడ్డంతా పీకి బయట కుప్ప పోసి ఉంది. చాప, కుండ, బియ్యం మూట, గొంగడి అన్నీ ఆ కుప్ప మీదే పడున్నాయి. లోపల నేల నున్నగా ఊడ్చి ఉంది. స్వామి చీపురు పట్టుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంత శుభ్రంగా ఉందో చూడు శరభా."

"శుభ్రమా! నీడ లేదు, తిండి లేదు, ఒళ్ళు దాచుకునేదానికి ఒక మూల లేదు. దీంట్లో ఎవడుంటాడు?"

అరిచినవాడు అరిచినట్టే ఆగిపోయాడు. కింద మడుగు ఎండకు మెరుస్తోంది. కోపం ఎటు పోయిందో గానీ సిగ్గు ముంచుకొచ్చింది. గుడిసె సంగతి మరిచి వాగుకు పరుగెత్తాడు. మానును మళ్ళీ నీళ్ళలోకి దొర్లించాడు. నరికిన కొమ్మల్నీ, పారబోసిన ఆకుల్నీ తెచ్చి వేశాడు.

ఆ తర్వాత రోజూ మడుగులో దిగి ఒక రాయి తిప్పి చూసేవాడు. మొదట్లో రాయి బోసిగా ఉండేది. మెల్లగా పాచి పట్టింది. రాళ్ళ అడుగున చిన్నచిన్న పురుగులు పాకాయి. ఒక పొద్దున చేపలు పట్టే లకుముకి పిట్ట వచ్చి మాను మీద వాలితే, దానికి దండం పెట్టినంత పని చేశాడు.

కోతలయ్యాయి. నాయకుడు గుర్రాలతో, గొడ్డళ్ళవాళ్ళతో దిగాడు. బొరుగులు చల్లాడు. అవి నీళ్ళ మీద తేలుతూ తిరిగాయే గానీ ఒక్క చేపా పైకి రాలేదు.

"చేపల్లేవు. ఉండేదంతా చెత్త," అని గొడ్డళ్ళవాళ్ళకు సైగ చేశాడు.

శరభయ్య మడుగులోకి దూకాడు. పాచి పట్టిన రాయొకటి పెకలించి తెచ్చి నాయకుడి కాళ్ళ ముందు పెట్టాడు. పాచి మీద అక్కడక్కడ గోటితో గీరినట్టు సన్నటి గీతలున్నాయి. అంతవరకూ నాయకుణ్ణి 'మీరు' అంటూ వచ్చిన నోరు ఒక్కసారి 'నువ్వు'లోకి దిగింది.

"చూడు నాయకా. చేప నోరు పెట్టి మేసిన గుర్తు ఇది. నిన్న లేదు. తిరిగొస్తుండాయి. నీ గుర్రాల చప్పుడుకు మాను కింద దూరినాయి."

"నేనడిగింది చేపల్ని. గీతల్ని కాదు."

"తలుపు తట్టంగానే మనిషి బయటికి రాకుంటే, ఇల్లు ఖాళీ అని కూల్చేస్తావా? నేనొకసారి ఈ ఇల్లు పాడు చేసినా. ఇంకోసారి ఎవురినీ చెయ్యనీను."

అని విసవిసా నీళ్ళలో నడిచిపోయి, గట్టు చెట్లు కూలితే మీద పడే చోట, మాను మీద కూర్చున్నాడు. రెండు చేతులా మానును పట్టుకున్నాడు. లేవలేదు.

నాయకుడి ముఖం జేవురించింది. "సామీ, మీ శిష్యుడికి మీరైనా చెప్పండి. లేవకుంటే ఈడ్పించి పారేస్తా."

బొంతస్వామి బొంత తీసి గట్టున పెట్టాడు. పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. పాచిరాళ్ళ మీద ముసలి కాళ్ళు జారుతున్నా ఎవరి చెయ్యీ అందుకోలేదు. గొడ్డళ్ళవాళ్ళు ఒక్కొక్కరే గొడ్డలి భుజం మీది నుంచి దించి నేలన పెట్టారు.

స్వామి మాను దగ్గరికొచ్చి శిష్యుణ్ణి మోచేత్తో పొడిచాడు.

"కాస్త జరగరా," అన్నాడు.