మూకుట్లో మిగిలిన గింజ

అంకెలు ఇంకా ఆ సీమకు దారి కనుక్కోని కాలమది. కొండ కింద ఒక పల్లె. పల్లె పక్కన ఒక వంక. వానలకు నాలుగునాళ్లు పారి, మిగతా కాలమంతా ఇసుకగా పడి ఉండే ఏరది. ఆ వంక గట్టున ఒక గుడిసె. గుడిసెలో ఓబులవ్వ ఉండేది.

ఓబులవ్వకు పొలం లేదు, మంద లేదు, మగ్గం లేదు. ఊరివారు జొన్నకోతకు పోతూ పిల్లలను ఆమె దగ్గర విడిచిపోయేవారు. పొద్దు కుంకే వేళకు వచ్చి తీసుకుపోయేవారు. అందుకు ఆమెకు పూటకింత సంగటి పెట్టేవారు.

ఆమెకు ఒకటే భయం. పొద్దున ఇచ్చిన బిడ్డలను మాపటికి ఇచ్చినట్టే అప్పగించాలి. ఆమె లెక్క చేతివేళ్లతో ఆగిపోయేది. పిల్లలేమో వేళ్లకు మించి ఉండేవారు. పైగా వారు ఒకచోట నిలిచేవారా? ఈ పక్క చూసేలోపు ఆ పక్కకు ఉరికేవారు.

ఆమె చాలాకాలం ఆలోచించింది. చివరకు గడప పక్కన ఒక మట్టి మూకుడు పెట్టింది. వచ్చిన ప్రతి బిడ్డా అందులో ఒక చింతగింజ వేయాలి. పోయేటప్పుడు ఒక గింజ తీసుకుపోవాలి.

"పొద్దున బిడ్డకొక గింజ, మాపున గింజకొక బిడ్డ" అని పిల్లలచేత పాటలాగా పలికించేది.

కుమ్మరి ఈరప్పకు సుంకి అని ఒక కూతురు. ఆ పిల్లకు ఏది చెప్పినా ప్రశ్న పుట్టేది.

"అవ్వా, ఈ గింజ నేనేనా?"

"ఇంతలేసి కండ్లేసుకొని నా ముందర కూచున్నావు గదా. గింజకు కండ్లుండాయా?"

"నేను కాకపోతే మూకుట్లో ఎందుకుంది?"

"నువ్వుండావని చెప్పేదానికి."

"నేనే చెప్తా గదా!"

"నువ్వు యాడికన్నా పోతే ఎవరు చెప్తారే?"

సుంకి కాసేపు గింజలను కెలికింది. "అయితే అవ్వా, నేను గంగిరెద్దులోళ్ల పాప గింజ తీసుకుపోతే, ఆ పాప మా ఇంటికొస్తుందా?"

ఓబులవ్వకు నవ్వు వచ్చింది. "ఏదో ఒకటి తీసుకో. ఒకటి తీసుకుంటే చాలు."

అన్న తరువాత తన మాటకు తానే ఆగిపోయింది. ఏ గింజ ఎవరిదో ఆమెకు తెలియదు. అయినా లెక్క తప్పడం లేదు. ఇదేమి వింత అని ఆ పూటంతా మూకుటి వైపే చూస్తూ కూర్చుంది.

ఒక సాయంత్రం పిల్లలందరూ పోయాక మూకుట్లో ఒక గింజ మిగిలింది. అవ్వ మూకుడు చంకన పెట్టుకొని బయలుదేరింది. "ఒక గింజ మిగిలింది, ఒక బిడ్డ రావాలి" అని ఇల్లిల్లూ తట్టింది. తీరా చూస్తే, గొల్లవారి పసిబిడ్డ నిద్రలోనే తల్లి భుజమెక్కి ఇంటికి పోయింది. గింజ తీసుకోవడం తల్లి మరచింది. ఊరు నవ్వింది.

మరొక సాయంత్రం మళ్లీ ఒక గింజ మిగిలింది. "ఒక గింజ మిగిలింది, ఒక బిడ్డ రావాలి" అని అవ్వ మళ్లీ ఇల్లిల్లూ తట్టింది. అది సుంకి పని. తన మట్టిబొమ్మకు కూడా ఒక గింజ వేసింది.

"బొమ్మ కూడా పొద్దున్నే వచ్చింది గదా అవ్వా!"

ఈరప్ప చేయెత్తాడు. అవ్వ అడ్డుపడింది. "కొట్టాకు నాయనా. సుంకీ, బొమ్మలకు వేరే మూకుడు పెడతాలే. బిడ్డల మూకుట్లో బిడ్డలే."

ఊరు మరింత నవ్వింది.

ఇక మూడోసారి. అది కోతలు ముగిసిన రోజు. పొరుగూళ్ల చుట్టాలు కూడా పిల్లలతో వచ్చి చేయి కలిపారు. పల్లె అంతా సందడి. పొద్దు కుంకింది. కొండమీద మబ్బు నల్లగా దిగింది. మూకుట్లో ఒక గింజ మిగిలింది.

ఓబులవ్వ మూకుడు చేతబట్టుకొని, జనం గుమిగూడిన ఈరప్ప వాకిట నిలిచింది. "ఒక గింజ మిగిలింది, ఒక బిడ్డ రావాలి."

"ఎవరి బిడ్డ?"

"తెలీదు."

"పేరేంది?"

"తెలీదు."

"ఆడబిడ్డా, మగబిడ్డా?"

"అదీ తెలీదు నాయనా."

"మా పిల్లలంతా ఇండ్లల్లోనే ఉండారు. ఏ తల్లీ వెతుక్కోలేదు. ఎవరికోసం పొమ్మంటావు?"

"ఎవరో తెలీదు. ఒకరని తెలుసు."

"ఈసారి ఎవరి బొమ్మో!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

అవ్వ వాదించలేదు. మూకుడు ఆ గడపమీదే పెట్టి, కర్ర పట్టుకొని వంకలోకి దిగింది. పిలుద్దామంటే పేరు లేదు. "బిడ్డా" అని పిలిచింది. మూడు మార్లు పిలిచింది. ఇసుకలో పిల్లలు నీటికోసం తవ్వుకున్న చెలమ పక్కన, తడి చేతులతో ఒక పిల్లవాడు నిద్రపోతున్నాడు.

లేపి ఎత్తుకునే లోపల పైనుంచి హోరు వినిపించింది. కొండమీద కురిసిన వాన వంకలోకి దిగుతున్నది. నీరు ఆమె చీలమండలు దాటింది, మోకాళ్లు దాటింది, నడుము దాటింది. కర్ర కొట్టుకుపోయింది. బిడ్డను మాత్రం ఆమె విడువలేదు.

అక్కడ వాకిట సుంకి మూకుడెత్తి తండ్రి ముందు పెట్టింది. "నాయనా, నేను వేయలేదు. నా బొమ్మ గింజ వేరే మూకుట్లో ఉంది. మరి ఇది ఎవరిది?"

ఈరప్ప దిగ్గున లేచాడు. మోకు అందుకొని పరుగెత్తాడు. పదిమంది వెంట పరుగెత్తారు. మోకు వేసి అవ్వను గట్టుకు లాగాక, ఆమె చేతుల్లోని బిడ్డను ఈరప్ప గుర్తుపట్టాడు. అది కోతకు వచ్చిన తన చెల్లెలి కొడుకు. తల్లేమో వాడు నాయనమ్మ బండిలో ఊరికి పోయాడనుకుంది. నాయనమ్మేమో తల్లి దగ్గర ఉన్నాడనుకుంది. రెండు చోట్లా నిశ్చింతగా ఉన్నారు.

వాని పేరు పుల్లన్న అని ఓబులవ్వకు అప్పుడే తెలిసింది. వణుకుతూనే వాణ్ణి మూకుటి దగ్గరకు నడిపించింది. "గింజ తీసుకో."

పుల్లన్న తీసుకున్నాడు. ఖాళీ మూకుడును ఆమె కన్నార్పకుండా చూసింది. "అందరూ చేరినారు" అంది.

ఆ తడితో జ్వరం పట్టుకుంది. అమావాస్య రాకముందే ఓబులవ్వ పోయింది.

మరునాడు పిల్లలు అలవాటుగా గుడిసెకే పోయారు. తలా ఒక గింజ వేశారు. సుంకి రెండు వేసింది.

"మళ్లీ బొమ్మకా?" అన్నాడు ఈరప్ప.

"కాదు నాయనా. అవ్వకు."

మాపున అందరూ తలా ఒకటి తీసుకున్నారు. ఒకటి మిగిలింది. దాన్ని తీసి పారవేయబోయిన ఈరప్ప చేయి మధ్యలోనే ఆగింది.

ఇప్పటికీ ఆ పల్లెలో బిడ్డలకు లెక్క నేర్పేటప్పుడు మూకుట్లో ముందుగా ఒక గింజ వేస్తారు. దాన్ని లెక్కించరు. దాని తరువాత పడినదే ఒకటి. పొద్దు కుంకే వేళ ఆడవారు గోడమీదుగా ఒకరినొకరు అడుగుతారు.

"మూకుట్లో ఎవరుండారు?"

"అవ్వ ఒక్కతే."

ఆ మాట విన్నాకనే తలుపులు వేసుకుంటారు.