బయ్యన మంత్రి మేడ బేరం

మేడిగిరి రాజు గజాంకుశ భూపతికి ఏనుగులంటే ప్రాణం. ఒకరోజు సభలో ఉన్నట్టుండి ఆయనకో ముచ్చట పుట్టింది.

“నూరు ఏనుగులు ఒకే వరుసలో నడుస్తుంటే చూడాలని ఉంది. అంత చదును నేల కోట దగ్గర ఎక్కడుంది?”

బయ్యన మంత్రి చటుక్కున లేచాడు. రాజ్యం ఆదాయమంతా చూసేది ఆయనే. తనకు తెలియని లెక్క ఈ లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

“కోట కిందే ఉంది ప్రభూ! ఆ వరిపొలాలన్నీ పూడ్పించి నాపరాళ్లు పరిపిద్దాం. ఆ మాత్రం ధాన్యం పొరుగు దేశంలో ఇంకా చవకగా దొరుకుతుంది. మనకు నష్టమేమీ లేదు.”

రాజు సరేనన్నాడు.

మర్నాడే పెద్దరైతు ఎర్రపోతు మరో పదిమందిని వెంటేసుకుని, బురద కాళ్లతోనే సభకు వచ్చాడు.

“దొరా, నాట్లేసి ఇరవై రోజులు కాలేదు. మా తాతలు చదును చేసిన మళ్లవి. వాటిమీద రాళ్లు పరిస్తే మేం ఎక్కడికి పోవాలి?”

“వేరే చోట భూమి ఇస్తాంలే,” అన్నాడు బయ్యన విసుగ్గా. “సరే, ఒక్కటి చెప్పు. ధాన్యం తప్ప మీరు ఈ నగరానికి ఏమిస్తున్నారు? ఒక్కటంటే ఒక్కటి చెప్పు, పొలాల జోలికి రాము.”

ఎర్రపోతు బుర్ర గోక్కున్నాడు. వెనక ఉన్నవాళ్ల మొహాలు చూశాడు.

“ఏమిస్తామయ్యా... దున్నుతాం, నాటుతాం, కోస్తాం. అంతే కదా మా పని,” అన్నాడు.

బయ్యన మీసం దువ్వుకున్నాడు.

రాజు పక్కనే నిలబడి తమలపాకు చిలకలు చుట్టి అందించే సూరాంబకు ఇది చూసి మనసు చివుక్కుమంది. రోజూ చేసే పని కాబట్టి, అందులో ఏముందో పాపం ఆ రైతుకే తెలియదు.

“ప్రభూ, మూడు రోజులు గడువిస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పిస్తాను,” అంది.

“చెప్పించడమేమిటి? ఎవరిచేత?”

“బాగా తెలిసినవారిచేతే.”

రాజుకు సూరాంబ మాటంటే సరదా. గడువిచ్చాడు.

ఆ సాయంత్రం చిలక అందిస్తూ ఆమె మెల్లగా అంది, “రాణిగారు కోటలో ఉక్కపోతకు అల్లాడిపోతున్నారు ప్రభూ. పొలాల గట్టున బయ్యన మంత్రిగారి మేడ ఉంది కదా, ధర అడగరాదూ? అడగడం మాత్రం సభలోనే అడగండి.”

మేడ సంగతి చెవిన పడగానే బయ్యనకు పట్టరాని సంతోషమైంది. రేపు రాళ్లు పరిచి ఏనుగులు తిరగడం మొదలైతే ఆ మేడ వైపు కన్నెత్తి చూసేవాడు ఉండడు. వదిలించుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు!

మూడోరోజు ఎర్రపోతూ తక్కిన రైతులూ వచ్చి నిలబడ్డాక, సభలో రాజు ధర అడిగాడు.

“తమకు కాబట్టి ఇరవై వేల వరహాలు ప్రభూ!”

సూరాంబ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “అబ్బో! గోడలు బంగారంతో కట్టించారా మంత్రిగారూ?”

“గోడలు ఇటుకవే. ఇటుక, కలప, స్థలం, కూలి అన్నీ కలిపి ఎనిమిది వేలైంది.”

“మరి తక్కిన పన్నెండు వేలు దేనికి?”

బయ్యనకు రోషం వచ్చింది.

“దేనికా? ఒక్కసారి మా డాబా మీద నిలబడి చూడు! కనుచూపుమేర పచ్చదనం. మళ్ల మీదుగా వచ్చే గాలికి ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకోవాలి. పెరటి బావిలో రెండు బారల లోతునే నీళ్లు, అవీ కొబ్బరినీళ్లలా ఉంటాయి. మొన్న జడివానకు కింది పేటలన్నీ మునిగాయి. మా వీధిలో పాదం తడవలేదు, వాననంతా మళ్లే పట్టేసుకున్నాయి! ఇక పొద్దున్నే కొంగల బారులు. నాట్లప్పుడు ఆడవాళ్ల పాటలు. కోతలయ్యాక ఆ ఖాళీ మళ్లలోనే పదిరోజులు తోలుబొమ్మలాట, మా ఆవిడ డాబా మీంచి కదలదు! వీటికి పన్నెండు వేలు ఎక్కువా?”

“చాలా తక్కువ మంత్రిగారూ,” అంది సూరాంబ. “ఇంతకీ ఈ గాలీ నీళ్లూ పాటలూ తమరే తయారు చేయిస్తున్నారా?”

“నేనెక్కడ చేయిస్తాను? అవన్నీ ఆ పొలాల వల్ల, ఆ రైతుల...”

మాట సగంలో ఆగిపోయింది. నోరు మాత్రం తెరిచే ఉంది.

సూరాంబ చేతులు జోడించింది.

“ధాన్యం తప్ప రైతులు ఏమిస్తున్నారో ఒక్కటి చెప్పమన్నారు. తమరు ఏడు చెప్పారు, ధరతో సహా! అదీ ఒక్క ఇంటికి. నగరంలో ఎన్ని ఇళ్లున్నాయో ఆ లెక్క తమకే తెలియాలి!”

సభ గొల్లుమంది. రాజు సింహాసనం మీద అటూ ఇటూ ఊగిపోతూ నవ్వాడు. నవ్వు ఆగాక ఎర్రపోతు వైపు తిరిగాడు.

“కాస్త దూరమైనా సరే, ఏనుగులు ఉత్తరపు బంజరులో నడుస్తాయి. పొలాల్లో ఒక్క రాయి పడకూడదు. పైగా ఈ ఏడాదే పన్నెండు వేల వరహాలు పెట్టి రైతుల కాలువలన్నీ బాగు చేయించండి. ధర కట్టింది నువ్వే బయ్యనా, ఎక్కువైందని మళ్లీ అనకు!”

ఎర్రపోతుకు సగమే అర్థమైంది. పక్కవాణ్ని మోచేత్తో పొడిచి, “ఒరే, గాలిక్కూడా ఖరీదుందిరా!” అన్నాడు.

రాజు తన చేతి బంగారు కడియం తీసి సూరాంబకు తొడిగాడు.

బయ్యన గొంతు సవరించుకున్నాడు. “మరి... నా మేడ సంగతి ప్రభూ?”

“తప్పకుండా కొంటాను. ఎనిమిది వేలు పట్టుకెళ్లు. తక్కిన పన్నెండు వేలూ ఆ సరుకు సొంతదారులకు ఇచ్చేశానుగా!”