గవర్రాజు కంటికి ఫోను వైద్యం

వేలివెన్నుపాడులో బొండాడవారి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, బొండాడవారే అనుకున్నది. ఇంటిపెద్ద గవర్రాజు దర్జీ. ఆయన భార్య మాణిక్యాంబ, కొడుకు సూరిబాబు, కోడలు నూకరత్నం. నలుగురికీ కలిపి ఒకటే ఫోను, అందులో బంధువులందరితో ఓ వాట్సాప్ గ్రూపు. దాని పేరు 'బొండాడ బుద్ధిమంతులు'. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో తమ తర్వాతే ఎవరైనా అని మాణిక్యాంబ నమ్మకం. పాలు పొంగేదాకా చూస్తూ ఉండమంటే, పొంగి, పొయ్యి ఆరి, నేలంతా పారేదాకా చూస్తూ కూర్చున్న ఇల్లాలు మరి.

అలాంటి ఇంట్లో గవర్రాజు కంటికి శుక్లం వచ్చింది. సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. సర్పంచి చొక్కాకి జేబు వీపున కుట్టాడు. సర్పంచి ఆ చొక్కా పట్టుకుని వచ్చి అన్న మాటలు ఇక్కడ చెప్పేవి కావు. అంతే, కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్న మిషను చప్పుడు ఆగిపోయేసరికి మాణిక్యాంబకి ఇల్లు ఇల్లులా లేదు. ఆయన మిషను పక్కనే ఊరికే కూర్చుని దుప్పటి సవరిస్తుంటే ఆవిడకి ఏడుపొచ్చేది.

టౌనులో కంటి డాక్టరు హైమవతి పరీక్ష చేసి, షుగరు మూడొందల పన్నెండు ఉందనీ, అది దిగితేగానీ కత్తి పట్టననీ, అశ్రద్ధ చేస్తే లోపలి నరం కూడా పోతుందనీ చెప్పింది. మందులు రాసిచ్చి, రోజూ ఇంత దూరం రానక్కర్లేదని ఫోనులో ఆసుపత్రి యాప్ పెట్టించింది. ఫోనులో రోజుకి ఎనిమిదివేల అడుగులు పడాలి. భోజనానికి ముందు కంచం ఫొటో తీసి పంపాలి. పొద్దున్నే వేలిమీద చుక్క రక్తం తీసి మీటరులో వచ్చిన అంకె పంపాలి. మాణిక్యాంబ మూడూ మూడుసార్లు అప్పజెప్పి మరీ ఇంటికొచ్చింది.

మొదటిరోజు గవర్రాజు ఫోను జేబులో వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. ఆరొందల అడుగులు పడ్డాయి, మోకాళ్ళు పట్టేశాయి. మాణిక్యాంబ ఆలోచించింది. అడుగులు పడాల్సింది ఫోనులో కదా, మధ్యలో ఈయన మోకాళ్ళెందుకు? ఇంకేముంది, దూలానికి చీర కట్టి ఉయ్యాల వేసి, ఫోనుని అందులో పడుకోబెట్టారు. ఒక్కో ఊపుకి ఒక్కో అడుగు. ఊపే పని గవర్రాజుదే, ఒక చేత్తో ఊపుతూ రెండో చేత్తో పూతరేకులు తినేవాడు. నూకరత్నం లాలిపాట ఎత్తుకోబోతే, ఫోను నిద్రపోతే అడుగులెవరు వేస్తారని అత్తగారు కసిరింది. సాయంత్రానికి పన్నెండువేలు. గ్రూపులో పెడితే నలభై మంది దండాలు పెట్టారు.

ఇక కంచం. జొన్నరొట్టె, ఉడికించిన సొరకాయముక్కలు వడ్డించి ఫొటో తీశారు. ఫొటో తియ్యమన్నారుగానీ అదే తినమని ఎవరూ అనలేదు కదా. అంతే, ఆ కంచం అలాగే గూట్లో పెట్టి, రోజూ దించి ఫొటో తీసి మళ్ళీ ఎక్కించేవారు. గవర్రాజు మామూలుగానే ముద్దపప్పు, నెయ్యి, పైన రెండు బెల్లంముక్కలు లాగించేవాడు. తొమ్మిదోనాటికి సొరకాయ మీద ఆకుపచ్చగా బూజు లేచింది. ఆ ఫొటో చూసి యాప్ తనంతట తానే జవాబిచ్చింది, భోజనంలో ఆకుకూర చేర్చినందుకు అభినందనలని. ఫోనుకున్న తెలివి చూసి మాణిక్యాంబ మురిసిపోయింది.

వచ్చిన చిక్కల్లా రక్తంతోనే. గవర్రాజు వేలు పొడిస్తే మూడొందల నలభై వచ్చింది. ఇలాంటి అంకె పంపితే డాక్టరు ఆపరేషను చెయ్యదని గ్రూపులో ఓ బావగారు హెచ్చరించాడు. మాణిక్యాంబ మళ్ళీ ఆలోచించింది. డాక్టరు వేలన్నదిగానీ ఎవరి వేలో చెప్పిందా? ఇంటిల్లిపాదినీ వరసగా కూర్చోబెట్టి పొడిచింది. సూరిబాబుది నూట అరవై, తనది నూట ముప్ఫయ్యొకటి, నూకరత్నానిది తొంభై నాలుగు. కోడలిది వేరే వంశపు రక్తం కదా, చెల్లుతుందా అని గవర్రాజు సందేహపడ్డాడు. పెళ్ళయి ఆరేళ్ళుగా మన ఉప్పే తింటోంది, ఈపాటికి మన రక్తమైపోయి ఉంటుందని మాణిక్యాంబ తేల్చేసింది.

నెలరోజులూ నూకరత్నం వేళ్ళు జల్లెడైపోయాయి. నెలాఖరున డాక్టరు హైమవతి స్వయంగా మెసేజ్ పెట్టింది. తొంభై నాలుగు భేషుగ్గా ఉంది, ఈ రీడింగున్న మనిషిని గురువారం పదింటికి తీసుకురండి, ఆపరేషను చేసేస్తాను.

ఇంకేముంది, మాణిక్యాంబ నూకరత్నానికి తలంటి, కొత్తచీర కట్టించింది.

"నా కళ్ళు బానే కనబడుతున్నాయి కదా అత్తయ్యగారూ," అంది కోడలు.

"అందుకే కదే, బాగున్న కన్నయితే డాక్టరమ్మకి పని తేలిక," అంది అత్తగారు. మామగారి చూపు కోసమే కదా అని నూకరత్నం ఆటో ఎక్కింది. గవర్రాజుని ఇంట్లోనే వదిలేశారు. ఆయన కూడా వచ్చేస్తే ఆ రోజు ఫోను నడక ఎవరు చూస్తారు?

బల్ల మీద పడుకున్న నూకరత్నాన్ని చూసి డాక్టరు హైమవతి, పేషెంటు ఏడీ అని అడిగింది. మాణిక్యాంబ జరిగిందంతా గర్వంగా చెప్పింది.  డాక్టరు వెంటనే తన ఫోను తీసి గవర్రాజుకి వీడియో కాల్ చేసింది.

తెర మీద గవర్రాజు కనబడ్డాడు. రెండు కళ్ళకీ దూదిపెట్టి, దర్జీ కదా, లైనింగు గుడ్డతో చక్కగా కట్టు కట్టుకున్నాడు.

"పదయిందని పక్కింటాయన చెప్పాడండి, ఆపరేషను వేళకి కట్టేసుకున్నాను. ఎప్పుడు విప్పమంటారు?" అన్నాడు.

 డాక్టరు ఇప్పుడే విప్పెయ్యమంది. ఆయన విప్పాడు. చుట్టూ చూశాడు. చెయ్యి చాచి పక్కనున్న కుట్టుమిషను తడిమాడు.

"మాణిక్యం," అన్నాడు. "ఏం మారలేదే. ఇంకా మసగ్గానే ఉంది."

మాణిక్యాంబ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. కానీ బొండాడవారి ఇల్లాలు కదా, వెంటనే తేరుకుని డాక్టరు చేతిలోని ఫోను లాక్కుంది.

"బెంగపెట్టుకోకండి. ఆ గదిలో సిగ్నలు అందట్లేదు, అందుకే డాక్టరమ్మ ఫోనులో పంపిన చూపు సగంలో ఆగిపోయినట్టుంది. కట్టు మళ్ళీ కట్టేసుకుని మేడెక్కండి."

గవర్రాజు సరేనని తల ఊపి, కట్టు బిగించుకుని, గోడ తడుముకుంటూ మెట్లవైపు బయల్దేరాడు.