పీరయ్య గుక్క

ఏటికి ఇంకా ఒడ్డులు కుదరని కాలం. కొండకు ఇంకా పేరు పెట్టని కాలం. ఆ కాలాన ఒక కోటపేటలో పీరయ్య అనే నిరుపేద ఉండేవాడు. మసిబారిన హుక్కాలను శుభ్రపరచి, కొత్తవాటి వలె మెరిపించడం అతని వృత్తి. గొట్టాలు కడిగిన బ్రతుకంతటిలో ఒక్క గుక్కయినా పీల్చి ఎరుగడు.

పోయినవారి హుక్కా చేతికి వస్తే మాత్రం తొందరపడేవాడు కాడు. "అందులో మూడు ఊపిరులు మిగులుతాయి. నిప్పు వేసే చిలుములోది బూడిదతో తోమితే పోతుంది. నీళ్లబుర్రలోది చింతపులుసుతో కడిగితే పోతుంది. గొట్టంలోది కడిగితే పోదు. గాలికి వదలాలి. తనంతట తానే పోవాలి" అనేవాడు.

పేటను ఏలే దేశాయి కాలధర్మం చెందాడు. తండ్రి హుక్కాను నిండుసభలో పీల్చినవాడే వారసుడన్నది ఆ వంశాచారం. కొడుకు కొండలరాయుడు హుక్కాను పీరయ్యకు పంపాడు. పీరయ్య చిలుము తోమాడు. బుర్ర కడిగాడు. గొట్టాన్ని చూరుకు వ్రేలాడగట్టాడు. ఆకు కదలడం లేదు. అయినా గొట్టంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఇంతలో రాయుడే వచ్చాడు.

"ఏం పీరయ్యా! గొట్టం కడుగుతున్నావా, దానికి పెళ్లి చేస్తున్నావా? అవతల సభ కూర్చుంది."

"ఇంకా పోలేదు చిన్నదొరా."

"ఏది, మసా?"

"మీ నాయన."

రాయుడు పకపక నవ్వి, హుక్కా లాక్కుని పోయాడు.

సభలో మొదటి గుక్క పీల్చాడు. తండ్రి దగ్గు దగ్గాడు. రెండవ గుక్క పీల్చాడు. తండ్రి గొంతుతో పలికాడు. పెద్దదొరే దిగివచ్చాడని సభ మురిసిపోయింది. మూడవ గుక్క పీల్చి ఇంటికి వెళ్లి, ఎదురువచ్చిన భార్య గౌరమాంబను నిదానించి చూశాడు.

"కోడలా, నా కొడుకేడీ?" అన్నాడు.

గౌరమాంబ మిట్టమధ్యాహ్నపుటెండలో పీరయ్య గుడిసెకు పరుగెత్తింది.

"పీరయ్యా, నా మగడిలో నా మగడు లేడు. నాకు తెచ్చిపెట్టు."

పీరయ్య తలపాగా చుట్టుకున్నాడు.

"ఆ ఊపిరికి ఉండటానికి ఒక ఒళ్లు కావాలి తల్లీ. ఒకటి విడవాలంటే ఇంకొకటి చూపాలి."

"ఎవరిస్తారయ్యా?"

"నాకు ఏడ్చేవారు ఎవరున్నారు? పద."

రాయుడి ఇంటికి వెళ్లి, హుక్కా చిలుము తీసి, గొట్టాన్ని విడదీశాడు. ఒక కొన రాయుడి పెదవులకు, ఒక కొన తన పెదవులకు ఆనించాడు. ఒకమారు పీల్చాడు. రాయుడి దగ్గు ఆగింది. రెండవమారు పీల్చాడు. రాయుడి కళ్లలో నీడ తొలగింది. మూడవమారు పీల్చాడు.

"గౌరీ, దాహం" అన్నాడు రాయుడు.

ఆ క్షణాన పీరయ్య గుండెలో ఎవరో కాళ్లు చాచుకుని కూర్చున్నారు. అతని పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి.

"కో..."

ఆ మాట పూర్తి కానీయలేదు. తలపాగా విప్పి నోరు బిగియగట్టుకున్నాడు. వెనుదిరిగి చూడక, ఊరు దాటి రాళ్లగుట్ట మీదికి నడిచిపోయాడు. వెంట వెళ్లడానికి ఎవరికీ కాళ్లు రాలేదు.

తెల్లవారి చూస్తే ప్రాణం లేదు. కట్టు మాత్రం సడలలేదు. ఆ గుడ్డ పోగుల నడుమ సన్నని పొగ ఆడుతోంది. విప్పడానికి ఎవరికీ చేయి రాలేదు. అట్లే పూడ్చారు.

నేటికీ ఆ సీమలో పోయినవారి హుక్కా కడిగేవారు నోటికి గుడ్డ కట్టుకుంటారు. కడిగినదానిలో తొలినిప్పు వేసి, ఎవరూ పెదవి ఆనించరు. "పీరయ్యా, ఈ గుక్క నీది" అని చెప్పి ఊరకుంటారు. గాలి వీచదు. ఎవరూ పీల్చరు. బుర్రలో నీళ్లు ఒక్కమారు గుడగుడమంటాయి. ఆ చప్పుడు విన్నాకనే ఇంటివారు గొట్టం అందుకుంటారు.