పై ఇంటి అవ్వ ఆకురోలు

ఆ బంతి ఇలా తేరా చైతూ. మంచం కింద దాచడం కాదు, నా చేతికివ్వు. సాయంత్రమంతా కింది ఫ్లాటావిడ నెత్తిన దబదబా ఒకటే బాదుడు. ఆవిడొచ్చి మీ అమ్మని నాలుగు మాటలు అనిపోయింది, మీ అమ్మేమో మీ వీపుల మీద నాలుగు వేసింది. ఇప్పుడు మూతులు ముడుచుకుంటే ఏం లాభం? లాస్యా, దుప్పటంతా నువ్వే లాక్కోకే. ఊ కొట్టండి మరి. ఊ ఆగిందో, కథ కూడా ఆగిపోతుంది.

అనగనగనగా ఒక ఊళ్ళో, ఒకదాని నెత్తిన ఒకటి, రెండిళ్ళు. కోటలో పనిచేసేవాళ్ళ కోసం రాజుగారు కట్టించాడు. కింది ఇంటి కప్పే పై ఇంటి నేల. మధ్యలో చెక్క దూలాలు, వాటి మీద చెక్క పలకలు, అంతే. పైన పిల్లి నడిచినా కింద తెలిసేది.

కింది ఇంట్లో మంగతాయని ఒక పిల్ల. మొగుడు పోలయ్య రాజుగారి గుర్రపుశాలలో పనివాడు, తెల్లారి పోతే దీపాలు పెట్టే వేళకి కొంప చేరేవాడు. మంగతాయికి ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు ఏడో నెలకే పుట్టేశాడు, ఇదుగో, నా అరచెయ్యంత ఉంటాడు. వైద్యుడొచ్చి నాడి చూసి, వీడికి పాలెంతో నిద్రా అంతే, కంటినిండా నిద్రపోతేనే దక్కుతాడమ్మా అని చెప్పిపోయాడు. ఆ రోజు నుంచీ మంగతాయి ప్రాణాలన్నీ ఆ ఊయల్లోనే. వాడు కళ్ళు మూస్తే ఇది ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది.

పై ఇంట్లో కోటమ్మవ్వ, ఒక్కర్తే. నలభై ఏళ్ళు కోట వంటశాలలో పిండి విసిరి విసిరి చేతుల్లో సత్తువ తగ్గితే, బతికినన్నాళ్ళు ఉండమని రాజుగారు ఆ ఇల్లిచ్చాడు. నా అన్నవాళ్ళు లేరు. నోట్లో పన్ను లేదు. నవ్వకురా, నాకు రెండున్నాయి, ఆవిడకి అవీ లేవు. కానీ ఆకూ వక్కా పడకపోతే ఆవిడకి పొద్దు గడవదు. పళ్ళు లేనివాళ్ళు ఎట్లా నములుతారు? దంచుకుంటారు. చిన్న ఇనప రోలు, బెత్తెడు రోకలి. టక్కు టక్కు టక్కు.

ఆ టక్కు ఎక్కడికి పోతుంది? రోట్లోంచి పలకలోకి, పలకలోంచి దూలంలోకి, దూలంలోంచి కొక్కేనికి, కొక్కెంలోంచి ఊయల తాడుకి, తాడులోంచి పిల్లాడి చెవికి. వాడు ఉలిక్కిపడి కేర్‌మనేవాడు. పొద్దున టక్కు, కేర్. మధ్యాహ్నం టక్కు, కేర్. సాయంత్రం టక్కు, కేర్.

ఊయల ఇంకోచోట కట్టొచ్చుగా అంటావా? ఉన్నది ఒకటే గది తల్లీ. అన్ని దూలాలూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

మంగతాయి పైకెళ్ళి మంచిగానే చెప్పింది. అవ్వ అయ్యో తల్లీ అని నొచ్చుకుని రోటి కింద గోనెసంచి మడత పెట్టుకుంది. అయినా వినబడింది. రెండోసారి మంగతాయి మెట్ల మీదే నిలబడి, నీ నోటి రుచి కోసం నా కొడుకుని చంపుకుంటావా ముసలీ అని అరిచేసింది. అప్పటికీ చప్పుడు ఆగక, మంగతాయి పిల్లాణ్ణి చంకనేసుకుని రాజుగారి దగ్గరికెళ్ళి బావురుమంది.

రాజు అక్కడికక్కడే చట్టం చేశాడు. పై ఇంటి చప్పుడు కింది ఇంటికి వినబడకూడదు. మూడుసార్లు వినబడిందా, పై ఇల్లు ఖాళీ. ఆ మాట చెప్పడానికి ఎవర్ని పంపాడనుకున్నారు? దండోరా వాణ్ణి! వాడు సరిగ్గా ఊయల ఉన్న కిటికీ కింద నిలబడి డప్పు కొట్టి మరీ, ఇహ చప్పుడు చెయ్యరాదహో అన్నాడు. పిల్లాడు గంటసేపు గుక్కపట్టాడు. రాజుల తెలివి అట్లా ఏడిచింది.

ఊ కొడుతున్నారా? చైతూ? సరే.

ఓ రోజు అవ్వ చేతిలోంచి చెంబు జారింది. మంగతాయి చెప్పింది, భటుడొచ్చాడు. ఇంకో రోజు మనసు చంపుకోలేక ఒకే ఒక్క వక్క దంచుకుంది. మళ్ళీ భటుడు. ఇంకొక్కసారి వినబడితే మూట సర్దుకో అన్నాడు. ఈ వయసులో ఎక్కడికి పోతుంది? రోకలికి పాత చీర ముక్క చుట్టింది. అయినా భయమేసి దంచుకోవడమే మానేసింది. పలకల మీద అడుగులు వినబడతాయని నడక కూడా తగ్గించేసింది.

కింద హాయి. పిల్లాడు పడుకున్నాడు. పడుకుని లేచాడు, పాలు తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. నెల తిరిగేసరికి బుగ్గలొచ్చాయి. మంగతాయికి కూడా ఎన్నాళ్ళకో కన్నంటుకుంది.

అవ్వ కిటికీకి ఒక గిలక ఉండేది. తాడుతో చిన్న బిందె దించితే, నీళ్ళతను నింపిపోయేవాడు. అవ్వ దాన్ని కిర్రుకిర్రుమని పైకి లాక్కునేది. ఒకనాడు ఆ నిండు బిందె మధ్యాహ్నం దాకా అక్కడే వేలాడింది. మంగతాయి చూసింది. చూసి ఏమనుకుందో తెలుసా? పోనీలే, ఆ కిర్రు కూడా వదిలింది అనుకుంది. సంతోషించింది కూడా.

మర్నాడు ఉతికిన గుడ్డలు ఆరేద్దామని వచ్చింది. బిందె అక్కడే ఉంది. నీళ్ళలో ఆకులు పడి ఉన్నాయి, అంచు మీద పిచ్చుక కూర్చుని తాగుతోంది. మంగతాయి గుడ్డలక్కడే పారేసి మెట్లెక్కింది.

తలుపు పక్కన అవ్వ పడి ఉంది. బిందె దించి వస్తూ, కింద తల్లీ పిల్లాడూ మంచి నిద్రలో ఉన్న వేళ పడి తుంటి విరిగింది. పెదాలు ఎండి, నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. చేతిలో రోకలి, దానికి చుట్టిన చీర ముక్క అట్లాగే ఉంది. పక్కన పలక మీద దుమ్మంతా ఆ గుడ్డ తగిలి తగిలి తుడుచుకుపోయింది. ఓపిక లేని చేత్తో రెండు రోజులు కొట్టిందర్రా. పలకలోకి వెళ్ళలేదు, దూలంలోకి వెళ్ళలేదు, కొక్కేనికి, తాడుకి, ఎవరి చెవికీ వెళ్ళలేదు.

మంగతాయి నెత్తీ నోరూ బాదుకుని, ఆ గుడ్డ ఊడదీసి గట్టిగా కొట్టొచ్చుగా అవ్వా, ఇల్లు పోతుందనా అని ఏడ్చింది. అవ్వ నాలుక తడుపుకుని చెప్పిన మాట ఇదీ:

"ఇల్లు కాదమ్మా. పిల్లాడు అప్పుడే పడుకున్నాడు."

...ఏం లేదులే. కంట్లో నలక. ఊ కొట్టండి.

పోలయ్యా నీళ్ళతనూ కలిసి అవ్వని కిందికి మోసుకొచ్చి ఊయల పక్కనే మంచం వేశారు. మంగతాయి రోకలికున్న గుడ్డ విప్పి పొయ్యిలో పడేసింది. తనే ఆకూ వక్కా తెచ్చి చేతికిచ్చి, దంచుకో అవ్వా అని బతిమాలింది. అవ్వ బెదురుతూ బెదురుతూ ఒక్క దెబ్బ వేసింది. టక్కు. పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. తల తిప్పి ఆ చేతిని చూశాడు, రోకలిని చూశాడు, బోసినోటిని చూశాడు. ఇంకో టక్కు. చూస్తూ చూస్తూ కళ్ళు మూశాడు.

ఒక్కసారైనా వాణ్ణి పైకి తీసుకెళ్ళి అవ్వ ఒళ్ళో పెట్టలేదే నేను అని మంగతాయి కుమిలిపోయింది.

తర్వాత రాజు దగ్గరికెళ్ళి నిలదీసింది. నీ చట్టంలో చప్పుడొద్దని రాశావు గానీ, మనిషి పడిపోతే ఏం చెయ్యాలో రాశావా, అది అడగాలని నాకూ తోచలేదు అంది. రాజు తల దించుకుని చట్టం మార్చాడు. పిల్లలూ రోగులూ పడుకునే వేళేదో పై ఇంటివాళ్ళూ కింది ఇంటివాళ్ళూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ వేళకి చప్పుడొద్దు. కానీ పొద్దున లేవగానే ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి మూడుసార్లు కొట్టాలి. ఏ ఇంట్లోంచి వినబడకపోతే, పక్కవాళ్ళు పోయి చూడాలి. ఈసారి డప్పు లేకుండా, గుమ్మం గుమ్మానికీ మనిషొచ్చి మెల్లిగా చెప్పిపోయాడు.

అవ్వ మళ్ళీ నడిచిందా అంటే, లేదు. ఎందుకబద్ధం చెప్పడం? పిల్లాడు గోడ పట్టుకుని నడిచే దాకా ఉంది. ఒక పొద్దున రోలు మోగలేదు. మంగతాయి పక్కనే ఉంది కాబట్టి ఆ చెయ్యి పట్టుకునే ఉంది, అదొక్కటే నయం. ఆ తర్వాత వాడు పెద్దవాడయ్యాడు, పెళ్ళాం పిల్లలతో అందరూ చల్లగా ఉన్నారు. మంగతాయి మాత్రం నోటినిండా పళ్ళుండీ, రోజూ పొద్దున్నే ఆ ఖాళీ రోట్లో మూడు దెబ్బలు వేసేది.

అదర్రా. చప్పుడు చెయ్యకూడదు, నిజమే. కానీ పైన ఉన్నదెవరో, కింద ఉన్నదెవరో తెలియకుండా ఉండటం అంతకన్నా తప్పు. కింది ఆవిడ పేరేమిటో మీలో ఒక్కరికైనా తెలుసా? నాకూ తెలీదు. ఒక్కర్తే ఉంటుందిట. పొద్దున్నే వెళ్దాం, ఏ వేళకి పడుకుంటావమ్మా అని అడుగుదాం. బంతి అప్పుడిస్తాను.

కథ కంచికి పోయింది. మనం రేపు కింది ఇంటికి.